గాలికి రెండంగుళాలు

మంచం పట్టకముందు మా నాన్న చేసిన చివరి పని, కొల్లేటి నీటిమట్టం చూసే గేజి రాయిని కొబ్బరిపీచుతో రుద్దడం. పందొమ్మిదివందల ముప్పై ఆరు, ఫిబ్రవరిలో ఒక సోమవారం ఉదయం. కొల్లేరు అప్పటికి బాగా తీసి, నీళ్ళు తగ్గాయి. నాన్న మొలలోతు నీళ్ళల్లో నిలబడి, రాతి మీద చెక్కిన అంకెలన్నిటినీ పైనుంచి కిందికి, పాచి పోయేదాకా రుద్దాడు. తర్వాత బోలు వెదురుబొంగుని రాతికి ఆనించి పట్టుకుని, అందులో నీళ్ళు కదలకుండా నిలిచేదాకా ఆగి, మట్టం చూసి, ఒడ్డుకొచ్చి పుస్తకంలో రాసుకున్నాడు. అమ్మ గంజి తీసుకువెళ్ళేసరికి తడిబట్టలతోనే గట్టు మీద కూర్చుని పెన్సిలు చెక్కుకుంటున్నాడట. ఆ పని చెయ్యమని ఆయన్ని అప్పుడు అడిగినవాళ్ళు లేరు. ఆ పనికి జీతం ఆగిపోయి నాలుగేళ్ళు కావస్తోంది.

ఆ మధ్యాహ్నమే చలి పుట్టింది. పదో రోజున పోయాడు.

ఆయన పేరు తోమా. ఊళ్ళో అందరూ గేజి తోమయ్య అనేవారు. పుట్టింది చింతలపూడి వైపు మెట్టలో. మిషను బడిలో అయిదో తరగతి దాకా చదివాడు. దొరసాని గారు రాసిచ్చిన ఉత్తరం పట్టుకుని ఏలూరు వస్తే, ఇరిగేషను వాళ్ళు కొల్లేటి లంకలో గేజి రీడరుగా వేశారు. చెరువులో కూడా సరిగ్గా ఈత కొట్టని మెట్ట మనిషి వచ్చి, నీళ్ళల్లో పుట్టి నీళ్ళల్లో పెరిగిన వాళ్ళకి ఇవాళ నీళ్ళు ఎన్ని ఉన్నాయో చెప్పడమేమిటని లంకవాళ్ళు మొదట్లో తెగ నవ్వుకున్నారట. "పొద్దున్నే లేచి తోమయ్యని అడిగితే గాని మన దోనె తేలుతుందో లేదో తెలీదర్రా" అని బుల్లెమ్మ అనేదట. బుల్లెమ్మ మా పక్కింటావిడ. భర్త చిన్న వయసులోనే పోయాడు. ఎకరంన్నర చేను, ఒక తాటిదోనె, ఒక వల, కొడుకు పోగా మిగిలిన ఇద్దరు మనవరాళ్ళు, అదీ ఆవిడ సంసారం. నోరు పెద్దది. రోజూ చేపలు అమ్ముకోగా మిగిలిన నాలుగు చిన్న చేపలు మా గుమ్మంలో ఆకులో పెట్టి వెళ్ళేది. పెట్టానని చెప్పేది కాదు. మా అమ్మ దానమ్మ కూర వండి గిన్నెలో పంపేది, అదీ చెప్పేది కాదు.

కొల్లేరు ఒక చోట నిలిచే నీరు కాదు. వానలకి వాగులన్నీ వచ్చి పడితే పొంగి చేల మీదికి వస్తుంది, ఎండలకి తీసి బురద చూపిస్తుంది. లంక చుట్టూ ఉన్న చేలన్నీ ఆ పొంగుకీ తీతకీ మధ్య బతికేవే. అందుకని మా తాలూకాలో ఒక వాడుక ఉండేది. గేజి రాతి మీద నీళ్ళు ఏడడుగులు దాటి మొత్తం పది రోజులు నిలిస్తే, చేలల్లో వరి కుళ్ళిపోయినట్టే లెక్క. ఆ ఏడు ఆ చేలకి శిస్తు కొట్టేసేవారు. దాన్ని మునక వజా అనేవారు. తొమ్మిది రోజులు నిలిస్తే వజా లేదు. చేలో మొక్క కుళ్ళిందో లేదో ఎవరూ దిగి చూసేవారు కారు, గేజి లెక్క చూసేవారు. ఆ లెక్క రాసేది మా నాన్న. రోజూ ఉదయం ఏడు గంటలకి చూసి, కార్డు మీద రాసి, పడవ మీద ఏలూరు పంపేవాడు.

ఆ పని ఆయనకి నేర్పింది ఒక పాత ఓవర్సీరు గారు. ఆయన నేర్పినవాటిలో వెదురుబొంగు ఒకటి. అలలు కొడుతున్నప్పుడు మట్టం దొరకదు కనక, కింద కంత పెట్టిన బొంగులోంచి చూడాలి. రెండోది గాలి లెక్క. "కొల్లేరు పళ్ళెంలో నీళ్ళలాంటిదోయ్ తోమా. ఒక పక్క నుంచి ఊదితే రెండో పక్కన లేస్తుంది. గాలికి లేచిన నీళ్ళు వానకి వచ్చిన నీళ్ళు కావు" అనేవారట ఆయన. కాబట్టి సరస్సు మీదుగా మా ఒడ్డుకేసి గాలి కొట్టి, తాటాకులన్నీ ఒకే పక్కకి తిరిగి నిలబడ్డ రోజున, రాతి మీద ఎంత ఉంటే అందులోంచి రెండంగుళాలు తీసేసి రాయాలి. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. ఓవర్సీరు గారు చెప్పారు, నాన్న పట్టుకున్నాడు. ఆదివారం గుడికి వెళ్ళడం ఎలాగో ఇదీ అలాగే. ఇరవై రెండేళ్ళలో ఒక్క గాలిరోజు కూడా రెండంగుళాలు తియ్యకుండా రాయలేదని ఆయనకి కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ముప్పై రెండులో ఆ ఓవర్సీరు గారే ఒక కాగితం పట్టుకుని వచ్చారు. సర్కారుకి రాబడి తగ్గింది. ఖర్చు తగ్గించుకోవాలి. చిన్న చిన్న పనులన్నీ తీసేస్తున్నారు. లాకుల తలుపులెత్తే లస్కర్లలో సగంమందిని పొమ్మన్నారు. గేజి రీడర్ని పూర్తిగా తీసేశారు. ఓవర్సీరు గారు మా ఇంటి అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, కాగితం నాన్న చేతికిచ్చి, "మళ్ళీ వేస్తార్లే. ఇలాంటివి రెండేళ్ళకి మించి ఉండవు. అందాకా చూడ్డం మాత్రం మానకు. మధ్యలో లెక్క తెగిందంటే, మళ్ళీ వేసేటప్పుడు కొత్తవాణ్ణి వేస్తారు" అన్నారు. మంచికే చెప్పారు. ఆ ఏడాదిలోనే ఆయనకీ ముందుగా పెన్షనిచ్చి పంపేశారని తర్వాత తెలిసింది.

నాన్న మానలేదు. కార్డులు ఆయనే కొనుక్కున్నాడు. అమ్మ సణిగేది.

"జీతం లేని కాపలా. మీరు చూడకపోతే నీళ్ళు పెరగడం మానేస్తాయా ఏవండీ?"

"మానవు. అందుకే చూడాలి" అనేవాడు నాన్న.

పొట్టకి మాకు ముప్పావు ఎకరం ఉంది. నాన్న కూలికి కూడా వెళ్ళేవాడు, పడవల మీద గడ్డి ఎక్కించేవాడు. నేను అప్పటికి ట్రైనింగు ముగించుకుని తాడేపల్లిగూడెంలో మిషను బళ్ళో టీచరుగా చేరాను. మా బడికి వచ్చే గ్రాంటు కూడా కోసేశారు. ముగ్గురు టీచర్లం ఇద్దరమయ్యాం. మూడో తరగతినీ నాలుగో తరగతినీ ఒకే గదిలో, ఒకరికొకరు వీపు చూపించేలా కూర్చోబెట్టి చెప్పేదాన్ని.

నేనుండే వీధి చివరే నరసరాజు గారి రైసుమిల్లు. పెంటపాడు వైపు ఆయనకి చాలా భూమి. ధాన్యం ధర సగానికి సగం పడిపోయిన ఆ ఏళ్ళల్లో, శిస్తు కట్టే గడువుకి ముందే రైతులు కళ్ళంలో దిగినది దిగినట్టు తెచ్చి ఆయన మిల్లు ముందు బళ్ళు నిలిపేవారు. శిస్తు మాత్రం తగ్గలేదు. పెంచాలన్న మాటే నడుస్తోంది. రూపాయికి మూడణాలు పెంచడం న్యాయమేనని, భూములు కొలిచి శిస్తు కట్టే సర్కారువాళ్ళు తేల్చారని పేపర్లో చదివేవాళ్ళం. రైతుకి దాచుకునే ఓపిక లేదు, నరసరాజు గారికి ఉంది. ముప్పై మూడులో ఆయన మిల్లుకి రెండో పొగగొట్టం లేచింది. తర్వాత మోటారు కారు వచ్చింది. ఆయన చెడ్డవాడేం కాదు. క్రిస్మసుకి మా పిల్లలకి అరబస్తా బియ్యం పంపేవారు. ఒకసారి బడికి వచ్చి, గోడలు చూసి, "సర్కారు ఇలా చేతులెత్తేస్తే ఎలాగమ్మా" అని నిజంగానే బాధపడ్డారు.

ముప్పై నాలుగు అక్టోబరులో, దసరా సెలవులకి నేను ఇంటికి వెళ్ళేసరికి కొల్లేరు మా అరుగు మూడో మెట్టు మీద ఉంది. వాన ఆగింది గాని పైనుంచి వాగులు దిగుతూనే ఉన్నాయి. చేలు ఎక్కడ ఉన్నాయో తెలియడం లేదు. గట్ల మీది తుమ్మచెట్ల తలలే ఆనవాలు. అందరూ రోజులు లెక్కపెడుతున్నారు. ఆడవాళ్ళు గోడ మీద సున్నపు బొట్లు పెట్టుకున్నారు. నీళ్ళు తొందరగా తీసెయ్యాలని ఎవరూ కోరుకోవడం లేదు. పంట ఎలాగూ పోయింది. ఇక పది రోజులూ నిండితే శిస్తు పోతుంది, భూమి మిగులుతుంది. నిండకపోతే పంట లేకుండా శిస్తు కట్టాలి. కట్టలేకపోతే చేను వేలానికి వస్తుంది. కిందటేడు మా పక్క లంకలో అలా వేలానికి వచ్చినవి పదకొండు చేలు. తొమ్మిదింటిని నరసరాజు గారి గుమాస్తా పాడుకున్నాడు.

"ఇంకొక్క రెండు రోజులు ఉండమ్మా తల్లీ. తర్వాత నీ ఇష్టం" అని బుల్లెమ్మ నీళ్ళకి చెప్పుకునేది, ఇంటికొచ్చిన చుట్టానికి చెప్పినట్టు.

తొమ్మిది రోజులూ ఏడడుగుల పైనే నిలిచింది. పదో రోజు తెల్లవారేసరికి గాలి లేచింది. నాన్న, నేను దోనెలో రాయి దగ్గరికి వెళ్ళాం. బుల్లెమ్మ తన దోనెలో మా వెనకే వచ్చింది. నాన్న బొంగు ఆనించి చాలాసేపు చూశాడు. నేనూ వంగి చూశాను. ఏడడుగుల ఒకంగుళం. బుల్లెమ్మ తన దోనెలోంచే చూసి, "ఏడు దాటింది, నా కళ్ళారా చూశాను" అని చేతులెత్తి దణ్ణం పెట్టి, ఊళ్ళో చెప్పడానికి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక కార్డు నా చేతికిచ్చాడు నాన్న. నా దస్తూరీ బాగుంటుందని, నేనున్నప్పుడు నాచేతే రాయించేవాడు. తారీఖు వేశాను.

"ఆరడుగుల పదకొండు అంగుళాలు" అన్నాడు.

నేను కలం ఎత్తి చూశాను. ఆయన వీధిలోకి చూస్తున్నాడు. తాటాకులన్నీ మా ఇంటి వైపే తిరిగి ఉన్నాయి.

"ఏడు మీద ఒకటి ఉంది కదా నాన్నా."

"రాతి మీద ఉంది. గాలికి రెండంగుళాలు."

"పదో రోజు నాన్నా ఇది."

"తెలుసమ్మా" అన్నాడు. "ఇన్నేళ్ళు తీసి, ఇవాళ ఒక్కరోజు తియ్యకపోతే, ఇన్నేళ్ళూ రాసింది కూడా అబద్ధమే అవుతుంది. రేపు గాలి పడ్డాక చూద్దాం. నీళ్ళు ఉండాలే గాని ఇంకో రోజు రాసుకోవచ్చు."

నేను రాశాను. ఆరు, పదకొండు. నా గుండ్రటి అక్షరాలతో, స్పష్టంగా.

మర్నాడు గాలి పడింది, నీళ్ళు కూడా పడ్డాయి. ఏడుకి అయిదు అంగుళాలు తక్కువ.

డిసెంబరులో శిస్తు అర్జీలు వినడానికి ఒక రెవెన్యూ ఆఫీసరు గారు గట్టు మీది ఊళ్ళో బడిపాకలో క్యాంపు పెట్టారు. లంకవాళ్ళందరం దోనెల్లో వెళ్ళాం. నేను సెలవు పెట్టి వచ్చాను, వజా కోసం ఊరి అర్జీ రాసింది నేనే కనక. ఊరిపెద్ద సూర్రావు గారు అర్జీ ఇచ్చి, పది రోజులు నిలిచిందండి అని చెప్పారు. నాన్న కార్డులో పంపేది అదే రోజు తన పుస్తకంలోనూ ఎక్కించుకుంటాడని ఊళ్ళో అందరికీ తెలుసు గాని, ఆ పదో రోజు అంకె ఎంతో ఇంట్లో మా ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు. క్యాంపుకి ముందు రోజు మధ్యాహ్నం అమ్మ నాన్నని బతిమాలింది. పుస్తకం పోయిందని చెప్పమంది. నాన్న పుస్తకాన్ని గుడ్డలో చుట్టి జాగ్రత్త చేశాడు.

ఆఫీసరు గారు కోపిష్ఠి కాదు. అలిసిపోయి ఉన్నారు. మెళ్ళో మఫ్లరు, పక్కన మందుసీసా. ముందు ఆయన ఈ లెక్కే చెల్లదన్నారు. గేజి రీడరు పని తీసేసి రెండేళ్ళు దాటింది, ఇతను రాసింది సొంత కాగితం, సర్కారు లెక్క కాదు అని. సూర్రావు గారు పట్టు వదల్లేదు. మరి సర్కారు లెక్క ఎక్కడుందండీ, ఉన్నది ఇదొక్కటే కదండీ, ఇరవై రెండేళ్ళు ఇతను రాసిందే కదండీ మీరు ఒప్పుకున్నది అని చాలా మర్యాదగా, చాలాసేపు చెప్పారు. చివరికి ఆఫీసరు గారు పుస్తకం తెమ్మన్నారు. లంకవాళ్ళ మొహాలు విప్పారాయి. బుల్లెమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది.

ఆఫీసరు గారు పెన్సిలుతో ఒక్కొక్క రోజే గుర్తు పెట్టుకుంటూ వచ్చి, పదో దాని దగ్గర ఆగారు.

"ఇది ఆరడుగుల పదకొండు కదా."

పాకలో ఎవరికీ అర్థం కాలేదు. బుల్లెమ్మ ముందుకొచ్చి, తను చూశానని, ఏడు దాటిందని, దేవుడి మీద ఒట్టు వేసి చెప్పింది. ఆఫీసరు గారు నాన్నని పిలిచారు.

"ఏమయ్యా, రాతి మీద ఎంత ఉంది?"

"ఏడడుగుల ఒకటండి."

"మరి ఇలా రాశావేం?"

"గాలికి రెండంగుళాలు తీశానండి."

"తియ్యమని రూలుందా?"

"లేదండి. పాత ఓవర్సీరు గారు చెప్పారండి."

ఆఫీసరు గారు నాన్న కేసి ఒక నిమిషం చూశారు. అక్కడున్నవాళ్ళల్లో ఆయనకొక్కరికే నాన్న మీద గౌరవం కలిగిందని నాకు అనిపించింది. దానివల్ల ఏమీ జరగలేదు. "జీతం లేదు కదా, ఎందుకు చూస్తున్నావు?" అని అడిగారు. నాన్న "అలవాటండి" అన్నాడు. ఆయన తల ఊపి, అర్జీ కింద రెండు ముక్కలు రాసి సంతకం పెట్టారు. మీ మనిషి రాసిన లెక్క ప్రకారమే పది రోజులు నిండలేదు, నేను చెయ్యగలిగిందేమీ లేదు అన్నారు. సూర్రావు గారు ఒక్కటే అడిగారు. "ఇందాక ఈ కాగితం చెల్లదన్నారు కదండీ?" ఆఫీసరు గారు, మీరే కదా సాక్ష్యం తెచ్చారు అన్నారు. ఆ మాట ఎకసెక్కంగా అన్నారని చెప్పలేను. మాకూ జీతాల్లో కోత పెట్టారయ్యా, అందరికీ రోజులు ఇలాగే ఉన్నాయి అని కూడా అన్నారు. అది నిజమే. ఆఫీసర్ల జీతాల్లో ఆ కోతని తర్వాత ఎత్తేశారు.

మళ్ళీ దోనెల్లోనే తిరిగి వచ్చాం. మా రేవు దగ్గర దిగుతుండగా బుల్లెమ్మ అంది.

"ఆ రెండంగుళాలు ఎక్కడ దాచుకున్నావు తోమయ్యా? నాకొక్క అంగుళం ఇవ్వకూడదూ?"

నాన్న తల దించుకుని దోనెకి తాడు కడుతూనే ఉన్నాడు. "నీళ్ళు అంతే ఉన్నాయి బుల్లెమ్మక్కా" అన్నాడు.

"నీళ్ళకేం, ఎన్నైనా ఉంటాయి. నా చేను ఎకరంన్నరే ఉంది."

ఆ మర్నాటినుంచి మా గుమ్మంలో చేపలు లేవు. అమ్మ మొదటి నాలుగు రోజులూ తలుపు తియ్యగానే కిందికి చూసేది. ఊళ్ళో ఎవరూ నాన్నని కొట్టలేదు, వెలివెయ్యలేదు. అలా చేసినా బాగుండేదని అమ్మ తర్వాత అనేది. ఆయన పేరు మాత్రం మారింది. గేజి తోమయ్య పోయి రెండంగుళాల తోమయ్య అయ్యాడు. దుకాణంలో నూనె కొలిచేటప్పుడు, "గాలికేమైనా తియ్యమంటావా?" అని అడిగేవారు.

తర్వాత వేసవిలో చేల వేలానికి దండోరా వేశారు. మా ముప్పావు ఎకరం, బుల్లెమ్మ ఎకరంన్నర, ఇంకా ఇరవై దాకా. నరసరాజు గారి గుమాస్తా గొడుగు వేసుకుని వచ్చి కూర్చున్నాడు. పోటీ పాడేవాళ్ళు లేరు. డబ్బున్నవాళ్ళు ఎవరున్నారు గనక? సూర్రావు గారు తన చేను దక్కించుకున్నారు గాని, దానికోసం ఎడ్లని అమ్మేశారు. బుల్లెమ్మ వేలం అయ్యేదాకా నిలబడి చూసి, గుమాస్తా దగ్గరికి వెళ్ళి, నారుమడి మాత్రం ఉత్తరం మూలనే పొయ్యండి, అక్కడే మొలక బాగా వస్తుంది అని చెప్పింది. వారం తిరక్కుండా మనవరాళ్ళని తీసుకుని తాడేపల్లిగూడెం వచ్చేసింది. రైసుమిల్లులో ఉడకబెట్టిన ధాన్యం ఆరబోసే పని. అంటే మిల్లు కూడా నరసరాజు గారిదే.

నాన్న ఆ ఏడంతా గేజి చూస్తూనే ఉన్నాడు. చూడ్డంలో ఒక మార్పు వచ్చింది. గాలిరోజుల్లో ఒక అంకెకి బదులు రెండు రాసేవాడు. రాతి మీద ఇంత, తీస్తే ఇంత. ఎవరికి ఏది కావాలంటే అది తీసుకుంటారని కాబోలు. ఒకసారి సెలవులకి వెళ్ళినప్పుడు నన్ను అడిగాడు, పక్క గేజిల్లో గాలికి తీసేవారో లేదో నీకు తెలిసినవాళ్ళెవరైనా ఏలూరులో ఉంటే కనుక్కోగలవా అని. అడుగుతానన్నాను. బడి పనుల్లో పడి అడగలేదు. ఇంకోసారి, "నేను అబద్ధం రాసి ఉంటే చేలు ఉండేవి కదమ్మా" అన్నాడు. నేను ఏదో ఒకటి చెప్పాను. సరిగ్గా ఏం చెప్పానో ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రావడం లేదు. లేదులే నాన్నా అన్నానో, ఊరుకున్నానో.

జ్వరం వచ్చిన అయిదో రోజుకి నాకు కబురందింది. నేను వెళ్ళేసరికి ఊపిరి కష్టంగా తీస్తున్నాడు. ఏలూరు తీసుకువెళ్దామంటే కాలవదాకా చేరే దారిలో నీళ్ళు లేవు. దోనెలు బురదలో కూరుకుపోతున్నాయి. నలుగురు మంచం మొయ్యాలి. సూర్రావు గారు మనుషుల్ని పంపారు గాని, అప్పటికి ఆలస్యమైంది. ఆఖరి రెండు రోజులూ ఆయనకి స్పృహ వస్తూ పోతూ ఉండేది. వచ్చినప్పుడల్లా తాటాకుల చప్పుడు విని, గాలి ఎటునుంచి అని అడిగేవాడు. గాలి లేదు నాన్నా అని చెప్పేదాన్ని.

తాడేపల్లిగూడెం తిరిగి వచ్చాక, మిల్లు దగ్గరికి వెళ్ళి బుల్లెమ్మకి చెప్పాను. కళ్ళం నిండా ఆవిరి కక్కుతున్న ధాన్యం. పదిహేనుమంది ఆడవాళ్ళు కాళ్ళతో చాళ్ళు తీస్తూ వరసలో నడుస్తున్నారు. బుల్లెమ్మ వరస తప్పకూడదు కనక, నేను ఆవిడ పక్కనే నడుస్తూ చెప్పాను. విని, ఆ చివరిదాకా నడిచి, వెనక్కి తిరిగింది.

"రెండంగుళాలు పోతే పోయాయి. మనిషి పోకుండా ఉండాల్సింది" అంది. ఇంకో వరస నడిచాక, "మీ అమ్మకి చేపలు ఎవరు ఇస్తున్నారే అమ్మాయ్?" అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపు మేస్త్రి ఇటు చూశాడు, ఆవిడ వెళ్ళిపోయింది.

అమ్మని నా దగ్గరికి తెచ్చుకున్నాను. నాన్న పుస్తకాలు పద్నాలుగు, ఒక సంచిలో వచ్చాయి. తర్వాత రెండేళ్ళు వాటిని నేను విప్పలేదు.

ముప్పై ఎనిమిదిలో ఒక ఆదివారం ఏలూరు గుడిలో ఇమ్మానుయేలు కలిశాడు. మాకు దూరపు బంధువు. ఒక సర్కారు ఆఫీసులో కాపీలు రాసే గుమాస్తా. ఆరాధన అయ్యాక, బయట నీడలో నిలబడి ఆ మాటా ఈ మాటా చెబుతూ, పాత కాగితాలు వేరుచేసే పని తనకే పడిందన్నాడు. అందులో మీ నాన్న గారి కార్డులు కట్టలు కట్టలుగా కనిపించాయక్కా అన్నాడు. నాకు సంతోషమే వేసింది, దాచారన్నమాట అని. కట్టిన దారాలు కట్టినట్టే ఉన్నాయి, ముప్పై రెండు తర్వాతవి ఎవరూ విప్పినట్టు లేదు అన్నాడు. ఆ తర్వాత, కొల్లేటి మునక సంగతి ఒక ఉత్తర్వు కూడా చూశానన్నాడు. ఆ ముక్కలు అతనికి కంఠతా వచ్చేశాయి, కాపీ రాసేవాడు కదా. రాబడి లోటు దృష్ట్యా ఈ ఏడు కొల్లేటి అంచు గ్రామాలకు మునక వజా ఇవ్వరాదు. అర్జీలు వచ్చినచో తగిన కారణము చూపి తోసిపుచ్చవలెను.

ఏ ఏడుదని అడిగాను. ముప్పై నాలుగు అన్నాడు. అయితే అది వరద అయ్యాక, క్యాంపుకి ముందు వచ్చిందా అని అడిగాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"మే పదకొండు అక్కా."

ఇంటికొచ్చి సంచి విప్పాను. ముప్పై నాలుగో సంవత్సరం ఉన్న పుస్తకంలో ఆ తారీఖు కింద నాన్న రాసుకున్నది ఒక్క లైను. ఒకడుగు ఆరంగుళాలు. గాలి లేదు.